నునుపు మేస్త్రి పీకిన ఇరవై ఫ్రెట్లు

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. వాళ్లలో బేస్ గిటారు అంటే ఏమిటో తెలిసింది ఒక్క కోడలికే. ఆమె భర్త దాన్ని పొడుగు గిటారు అనేవాడు. మామగారైతే పేరు జోలికే పోకుండా "నీ చెక్క" అనేవారు. నాలుగు లావుపాటి తీగలు, గజానికి కాస్త తక్కువ మెడ, ఒంటి మీద పాత యజమాని అంటించి పీకేసిన స్టిక్కర్ల జిడ్డు. పాత సామాన్ల కొట్లో మూలన పడి ఉంటే ఐదేళ్ల కిందట ఆమె కొని తెచ్చుకుంది. చవక వస్తువు. ఆ సంగతి దాచుకునే ప్రయత్నం అది ఎన్నడూ చెయ్యలేదు.

ఈ ఐదేళ్లలో దాని చప్పుడు విన్న చెవులు రెండే, ఆ రెండూ ఆమెవే. ఆమె రక్తపరీక్షల ల్యాబులో రక్తం తీసే పని చేస్తుంది. ఉదయం ఆరింటికి వెళ్లి, మధ్యాహ్నం దాకా మనుషుల చేతులకు సూదులు గుచ్చి, ఇంటికొచ్చి భోంచేసి, వంటగదిలో స్టూలు మీద కూర్చుని హెడ్‌ఫోన్లు తగిలించుకుని వాయించేది. ఫోనులో పాఠాలు చూసి నేర్చుకుంది. నలుగురితో కలిసి వాయించాలన్న కోరిక లేక కాదు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, ఈమెకేమో అడిగే నోరు లేదు.

అడిగే మనిషి చివరికి ల్యాబుకే వచ్చింది. ఒక నాటక బృందానికి వాద్యాలు చూసే డ్రమ్స్ టీచరు. పెద్ద గొంతు, పొట్టి జుట్టు, సూదంటే చచ్చేంత భయం. సూది చూడగానే ఆవిడ కోడలి ఎడమ చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. పట్టుకున్నాక భయం సగంలో ఆపి వేళ్ల కొసలు తడిమింది.

“ఈ కాయలు సూదుల వల్ల కాసినవి కావు. ఏం వాయిస్తావు నువ్వు?”

“బేస్ గిటారండీ.”

“ఎవరితో?”

“ఎవరితోనూ లేదండీ. ఒక్కదాన్నే.”

“బేస్ ఒక్కదానివే వాయించడమేంటి! ఇల్లు కట్టకుండా పునాది ఒక్కటే వేసుకుని కూర్చున్నట్టు!”

అలా అంటూనే రక్తం ఇచ్చేసింది. దూది అదుముకుని లేస్తూ అసలు సంగతి చెప్పింది. వాళ్ల బేస్ వాయించే మనిషి ఊరు మారిపోయాడు. కొత్త నాటకంలో ఒకచోట నిమిషం పాటు బేస్ ఒక్కటే మూలగాలి. “మెట్లెక్కినట్టు టకటకా కాదు, జారుబండ మీద జారినట్టుండాలి. ఫ్రెట్లు లేని బేస్ కావాలి. వచ్చే శనివారం కాదు, ఆ పై శనివారం మూడింటికి మా హాలుకి రా. ఆ నిమిషం వాయించు. కుదిరితే కుర్చీ నీది. కుదరకపోతే ఇంకొకాయన ఉన్నాడు, ఆయనకి కబురు పంపేస్తా.”

కాగితం మీద ఏడు స్వరాలు రాసిచ్చి వెళ్లింది. ఆ కాగితాన్ని కోడలు రక్తం సీసాల పక్కన పెట్టుకుని ఆ పూటంతా దొంగచూపులు చూసింది. తనను ఒక మనిషి, తన పనికి సంబంధం లేని కారణానికి, రమ్మని పిలవడం ఆమెకు చాలా ఏళ్లలో ఇదే మొదలు.

ఫ్రెట్లంటే గిటారు మెడ మీద అడ్డంగా దిగేసిన సన్నటి లోహపు కమ్మీలు. అవి ఉంటే వేలు కాస్త అటూ ఇటూ పడినా పరవాలేదు, కమ్మీ తీగను సరైన చోటే ఆపుతుంది. అవి తీసేస్తే ఆ భరోసా పోతుంది. కమ్మీ ఉండిన చోటునే, సరిగ్గా ఆ గీత మీదే వేలు ఆనించాలి. ఒక వెంట్రుక వాసి జరిగితే అపశ్రుతే. కానీ ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి ఎక్కడా తెగకుండా జారిపోవచ్చు. వేలు చోటు తప్పకుండా ఉండాలని ఇంట్లో మార్చుకునేవాళ్లు చాలామంది, కమ్మీలు పీకిన గాట్లలో తెల్లటి చెక్క బద్దీలు నింపుతారు. నల్లటి మెడ మీద తెల్ల గీతలు కనబడుతుంటాయి, కంటికి దారి తెలుస్తుంది. ఇదంతా ఆమె ఫోనులో చూసింది. చూడటం తేలిక. తెల్ల బద్దీలు ఒక కట్ట కొనుక్కొచ్చింది.

ఆదివారం పొద్దున వంటగది బల్ల మీద పాత దుప్పటి పరిచి, తీగలు విప్పి, మొదటి కమ్మీని కూరలు తరిగే కత్తితో లేపబోయింది. కమ్మీ ఒక కొస లేచింది. దానితోపాటు గోరంత చెక్క పెచ్చు కూడా లేచింది. “అయ్యో” అని మెల్లగానే అంది కానీ పక్క గదిలో కుర్చీ కిర్రుమంది.

“చెక్క పెచ్చు లేచిన చప్పుడు అది,” అంటూ మామగారు వచ్చేశారు. “కత్తితో లేపుతారా ఎవరైనా? అది చెక్కా, ఉల్లిపాయా?”

ఆ చప్పుడు ఆయన చెవికి తప్పే ప్రసక్తి లేదు. నలభై ఏళ్లు విరిగిన కుర్చీలూ, పగిలిన బల్లలూ బాగుచేసే కార్ఖానాలో పని చేశారు. అక్కడ ఆయన్ను నునుపు మేస్త్రి అనేవారు. ఆయన అతికిన చోట చెయ్యి వేసి చూస్తే చెక్క పుట్టినప్పటి నుంచీ ఒకటే ముక్కగా ఉన్నట్టుండేది. “అతుకు కనబడిందంటే అది అతకడం కాదు, కట్టు కట్టడం” అనేవారు. ఏడాది కిందట కార్ఖానా వాళ్లు యంత్రం తెచ్చుకున్నారు, ఆయనకు దండం పెట్టారు. అదే సమయానికి ఒక కంట్లో పొర కోయించుకోవాల్సి వచ్చింది, రెండో కన్ను ఇంకా మసకే. అప్పటి నుంచి ఇంట్లో ఆయన బాగుచెయ్యని వస్తువు లేదు. పాడైనవి అయిపోయాక బాగున్నవాటిని పట్టుకున్నారు. పోయిన నెలలో ఒక మంచి స్టూలు ఆయన చేతిలో పడి, మరీ మంచిదై, అరంగుళం పొట్టిదైంది.

కోడలు భయం భయంగా సంగతంతా చెప్పింది. హాలు, డ్రమ్స్ టీచరు, శనివారం, కుర్చీ. ఆయన విన్నంతసేపూ గిటారు మెడను బొటనవేలితో పైనుంచి కిందకు రాస్తూనే ఉన్నారు.

“అంటే ఈ ఇనప ముళ్లన్నీ పీకేసి, నున్నగా చెయ్యాలి. అంతేగా?”

“అంతే మామయ్యా.”

“ఈ మాట నాకు ముందే చెప్పాలా వద్దా? ఇంట్లో వైద్యుణ్ణి పెట్టుకుని కత్తి నువ్వు పడతావా?” అని కోప్పడ్డారు. కోపంలో ఆయన మొహం పదేళ్లు చిన్నదైంది.

మొట్టమొదట ఆయన చేసిన పని, కొస లేచిన కమ్మీని మళ్లీ లోపలికి నొక్కి, మెడ మీద పొడుగాటి కాగితం పరిచి, పెన్సిలు అడ్డంగా పట్టి రుద్దడం. కాగితం మీద ఇరవై కమ్మీలూ ఇరవై నల్ల గీతలై లేచాయి.

“ఇదెందుకు మామయ్యా?”

“విప్పే ముందు అచ్చు తీసుకోవాలి. ఎందుకని అడక్కు. నలభై ఏళ్లుగా తీస్తున్నా, ముప్ఫై తొమ్మిదేళ్లు అవసరం పడలేదు.” కాగితం చుట్ట చుట్టి బీరువా మీద పడేశారు.

కొడుకు టంకం పెట్టే సోల్డరింగ్ ఐరన్ తెప్పించి, దాని కొసను ఒక్కో కమ్మీ మీద నిదానంగా నడిపించారు. వేడికి లోపలి జిగురు మెత్తబడింది. అప్పుడు మేకులు పీకే పటకారుతో, పీకినట్టు కాకుండా బతిమాలినట్టు, ఒక్కో కమ్మీని అంగుళం అంగుళం లేపారు. రెండోదాని నుంచి ఇరవయ్యోదాని దాకా ఒక్క పెచ్చు లేవలేదు. కోడలు పక్కన కూర్చుని అవసరమైనప్పుడు గిటారు అటూ ఇటూ తిప్పింది, అవసరం లేనప్పుడు ఆయన చేతులు చూసింది.

భర్త సరుకుల వ్యాను కడుక్కుని లోపలికొచ్చి చూశాడు. “ఏంటి, ఇద్దరూ కలిసి గిటారుకి గుండు కొడుతున్నారా?”

“ముందు నీ నెత్తి సంగతి చూసుకోరా,” అన్నారు మామగారు తలెత్తకుండా. “దానికి నా సాయం కూడా అక్కర్లేకుండా అయిపోతోంది.”

ఆ పూట ఆయన మూడుసార్లు పిలిస్తే గానీ భోజనానికి లేవలేదు.

సోమవారం ఉదయం ఐదున్నరకు, చెప్పులు వేసుకుంటూ, కోడలు తెల్ల బద్దీల కట్ట బల్ల మీద పెట్టింది. “వీటితో ఆ గాట్లు నింపెయ్యండి మామయ్యా,” అని పరుగెత్తింది. గీతలు కనబడాలి అని చెప్పలేదు. తెల్ల బద్దీ నల్ల చెక్కలో పెట్టమన్నాక ఇంకా చెప్పేదేముంది అనుకుంది. ఇంతలో ల్యాబులో ఇంకో అమ్మాయి సెలవు పెట్టింది. వారమంతా రెండు పనులూ ఈమె నెత్తినే పడ్డాయి, చీకటి పడే వేళకు ఇల్లు చేరడం, పడుకోవడం. గిటారు వెనక గదిలో ఉంది. తలుపు దగ్గరకు వెళ్తే చాలు, “ఆరుతోంది, ముట్టుకోకు. చూడను కూడా చూడకు, దుమ్ము పడుతుంది” అనే కేక వినిపించేది. వార్నిష్ వాసన, ఉప్పు కాగితంతో రుద్దే చప్పుడు, మధ్యలో కూనిరాగం. మామగారు కూనిరాగం తియ్యగా ఆమె అంతకుముందు వినలేదు.

రెండో వారం మంగళవారం ఆయనే పిలిచారు. బల్ల మీద తెల్లగుడ్డ, గుడ్డ కింద గిటారు. గుడ్డ లాగారు.

ఆ మెడ అద్దంలా ఉంది. నల్లగా, లోతుగా, ఒక్క ముక్కగా. గీత లేదు. గాటు లేదు. తను లేపిన పెచ్చు ఎక్కడుండేదో తనకే తెలియలేదు. అసలు ఆ చెక్క మీద ఒకప్పుడు ఏదో ఉండేదని చెబితే నమ్మేలా లేదు.

“ఆ తెల్ల ముక్కలు ఎవడంటగట్టాడే అమ్మాయ్ నీకు?” అన్నారాయన ఉత్సాహంగా. “నల్ల చెక్కకి తెల్ల ముక్కలా! కళ్లు మూసుకుని అమ్మేశాడు. నా దగ్గర పాత కుర్చీ కోడు ఒకటుంది, నల్లచేవ, ఇరవై ఏళ్లుగా దాచా. దాన్ని చీల్చి, ఆ పొట్టే జిగురులో కలిపి, గాటు గాటుకీ పోగు చూసి నింపా. ఇంకో సంగతి చూశావా? ముందువాడెవడో మెడ మీదా, అంచునా రంధ్రాలు పెట్టి ప్లాస్టిక్ చుక్కలు దిగేసి పూడ్చాడు, బద్ధకస్తుడు. అవీ తీసేసి చెక్క పెట్టేశా. వెతుకు, ఎక్కడున్నాయో వెతికి చెప్పు!”

ఆ చుక్కలు రంధ్రాలు కావు. వాయించేవాళ్లకు గుర్తుల కోసం గిటారు తయారుచేసినవాళ్లే పెట్టినవి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న మాట కోడలికి గుర్తొచ్చింది. గీతలూ పోయాయి, చుక్కలూ పోయాయి. శనివారం నాలుగు రోజుల్లో ఉంది. ఆయన మీద ఒక్కసారిగా కోపం వచ్చింది. ఆయన మొహం చూసేసరికి ఆ కోపానికి సిగ్గేసింది. ఇరవై ఏళ్లు దాచుకున్న కోడు చీల్చి పెట్టిన మనిషితో ఏమని చెబుతాం?

“చాలా బాగుంది మామయ్యా,” అంది. అది అబద్ధం కూడా కాదు. అదే ఇబ్బంది.

ఆ సాయంత్రం ఇద్దరూ తీగలు బిగించారు. కమ్మీలు పోయేసరికి తీగలు చెక్కకు మరీ ఎత్తులో నిలిచాయి. మెడ కొసన తీగలు కూర్చునే గాట్లను ఆయన సన్నటి ఆకురాయితో లోతు చేశారు. కాగితం ముక్క పట్టేంత సందు మిగిల్చి ఆపారు.

బుధవారం ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఏడు స్వరాలూ పట్టింది. ఫోనులో శ్రుతి చూపించే ముల్లు ఒక్కసారి కూడా మధ్యలో నిలబడలేదు. చూస్తే నల్లటి మైదానం, ఎక్కడ అడుగు వెయ్యాలో తెలియదు. ఐదేళ్లు కమ్మీ వెనక వేలు పెట్టడం అలవాటైన చెయ్యి ప్రతిసారీ కొంచెం వెనకే పడుతోంది. మూలిగే మాట అలా ఉంచి, జలుబు చేసినట్టు పలుకుతోంది. మింగలేక కక్కలేక ఆ రోజు గడిపింది. చెప్తే ఆయన మనసు విరుగుతుంది, చెప్పకపోతే కుర్చీ పోతుంది. ఐదేళ్లకు ఒకసారి వచ్చిన కుర్చీ.

గురువారం ఆమె వాయిస్తుంటే ఆయన ఎదురుగా వచ్చి కూర్చున్నారు. “ఆ చెవులవి తీసెయ్యి. నేను చేసిన చెక్క ఏమంటుందో నేను వినొద్దా?”

తప్పించుకునే దారి లేదు. చిన్న స్పీకరుకు తగిలించి ఏడు స్వరాలూ వాయించింది. ఆయనకు సంగీతం అక్షరం ముక్క రాదు. అయినా నాలుగో స్వరానికే నొసలు ముడిపడింది.

“అమ్మాయ్, ఇవి కలవట్లేదు. రెండు ముక్కల మధ్య సందు వదిలేసినట్టుంది. చెక్కలో ఏమన్నా లోపముందా?”

“చెక్కలో లేదు మామయ్యా, నా చేతిలోనే.”

“నిజం చెప్పు.”

ఆమె చెప్పేసింది. తెల్ల బద్దీలు ఎందుకో చెప్పింది, చుక్కలు ఏమిటో చెప్పింది. తను సరిగ్గా చెప్పకపోవడమే తప్పని రెండుసార్లు అంది. ఆయన అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్లీ పెట్టుకున్నారు.

“గాటు కనబడితే కప్పెయ్యడమే తెలుసు నాకు,” అన్నారు చివరికి. “కనబడటానికే ఉండే గాటు ఒకటుంటుందని ఎవడూ చెప్పలేదు. నువ్వు వెళ్లేటప్పుడు ఒక్క మాట అడిగుండాల్సింది నేను. నీ పని మీద నా పని రుద్దేశా.”

లేచి వెళ్లి సన్నటి రంపం పట్టుకొచ్చారు. బీరువా మీది అచ్చు కాగితం దించారు. “కొలతలు ఇందులో ఉన్నాయి. ఇరవై గాట్లూ మళ్లీ కోస్తా. నీ తెల్ల ముక్కలే పెడతా. పొద్దుటికి ఇచ్చేస్తా.”

రంపం మెడ మీద పెట్టారు. మళ్లీ తీసి, బొటనవేలితో ఆ నునుపును ఒకసారి పైనుంచి కిందకు తడిమారు. అది కొలత చూసుకోవడం కాదని ఆమెకు తెలుసు. తన జీవితంలోకెల్లా మంచి పనిని తనే కొయ్యబోతున్నవాడి వీడ్కోలు అది. ఆమె రంపం పట్టుకుంది.

“ఆగండి మామయ్యా. ఒక్క మాట అడుగుతా. ఒక కన్ను మసక, రెండో కన్ను కొత్తది. ఇంత నునుపు ఎలా చేశారు మీరు?”

“కంటితో చేస్తారా ఎవరైనా? కన్ను మోసం చేస్తుంది. వేలు పెట్టి చూసుకుంటూ పోవడమే.”

“నేనూ అంతే!” అంది ఆమె. అంటున్నకొద్దీ గొంతు పెద్దదైంది. “కొందరికి నరం కనబడదు మామయ్యా. ఎంత లైటు వేసినా కనబడదు. అప్పుడు నేను కళ్లు పక్కకి తిప్పేసుకుని వేలితో వెతుకుతా. వేలికి తగలగానే తెలిసిపోతుంది. మన గుర్తు కూడా కంటికే ఉండాలని ఎక్కడుంది?”

ఆయన రంపం కింద పెట్టేశారు. ఇలాంటివి ఆయనకు ఒకసారి చెబితే చాలు.

“బొటనవేలు ఎక్కడ పెడతావ్ నువ్వు?”

“మెడ వెనక.”

“పట్టుకో. సరైన స్వరం దొరికేదాకా జరుపు. దొరికాక కదలకు.”

అచ్చు కాగితం మెడ పక్కన పరుచుకుని, ఫోనులో ముల్లు చూస్తూ ఆమె మూడో కమ్మీ ఉండిన చోట వేలు పెట్టింది. ముల్లు మధ్యలో నిలిచింది. ఆయన వంగి, మెడ వెనక ఆమె బొటనవేలు ఆనిన చోట పెన్సిలుతో చుక్క పెట్టారు. అలాగే ఐదో చోట, అలాగే ఏడో చోట. ఆపైన మెడ వచ్చి ఒంట్లో కలిసే చోటు చేతికి ఎలాగూ తగులుతుంది, అక్కడ గుర్తు అక్కర్లేదు. మూడు చుక్కల మీద గట్టిపడే జిగురు ఒక్కో బొట్టు పుల్లతో వేశారు. ఆరాక ఉప్పు కాగితంతో ఆవగింజంత మిగిలేలా అరగదీశారు. చూస్తే ఏమీ లేదు. తడిమితే ఉంది.

“ఇది నీ చేతి కొలత,” అన్నారు. “ఇంకెవరి చేతిలోనైనా ఇది అబద్ధం చెబుతుంది. జాగ్రత్త.”

ఆమె చేతి కొలతకు ఒక వస్తువు ఈ భూమ్మీద తయారు కావడం ఇదే మొదటిసారి. గాజులు కూడా ఎవరి కొలతకో చేసినవే కొనుక్కుంది. “మీరు లేకపోతే నేనేం చేసేదాన్ని మామయ్యా,” అంది.

“నేను లేకపోతే తెల్ల గీతలు పెట్టుకుని హాయిగా వాయించుకునేదానివి,” అన్నారాయన. ఇద్దరూ నవ్వారు. గురువారం మిగిలిన పూట, శుక్రవారం సెలవు పెట్టి రోజంతా, ఆమె ఆ ఏడు స్వరాలే వాయించింది. హెడ్‌ఫోన్లు పెట్టుకోలేదు. శుక్రవారం సాయంత్రానికి భర్త కూడా వాటిని ఈల వేస్తూ వ్యాను తుడుచుకుంటున్నాడు.

శనివారం మూడింటికి హాలు. వేదిక ముందు నేలను ఒక మనిషి లోతు తవ్వి, అందులో వాద్యాలవాళ్లకు కుర్చీలు వేశారు. డ్రమ్స్ టీచరు ఆమెను ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టి, అటు పక్క స్టాండు మీద దీపం సరిచేసి, మెడ వైపు చూసి ఆగిపోయింది.

“గీతల్లేవేంటి దీనికి?”

“లేవండీ.”

“గీతల్లేకుండా వాయించేవాళ్లు చిన్నప్పటి నుంచి అదే పట్టినవాళ్లమ్మా. రెండు వారాల్లో నీవల్ల అవుతుందా?”

“వాయిస్తానండీ,” అంది.

నాటకం రిహార్సల్ నడిచింది. పైన ఎవరో ఎవరితోనో పోట్లాడుతున్నారు, తలుపు వేసిన చప్పుడు, ఆపైన ఉన్నట్టుండి హాల్లో దీపాలన్నీ ఆరిపోయాయి. వేదిక మీదివీ, గుంటలోవీ, స్టాండు మీదిదీ. కరెంటు పోయిందేమో అనుకుని ఆమె బిత్తరపోయింది. పక్కనుంచి టీచరు గొంతు వచ్చింది. “ఇదే నీ నిమిషం. చెప్పడం మర్చిపోయా, చీకట్లోనే. మొదలెట్టు!”

కళ్లు తెరిచినా మూసినా ఒకటే. ఆమె బొటనవేలు మెడ వెనక జారింది. ఆవగింజ తగిలింది. మూడు. అక్కడ ఆగి, ఊపిరి పీల్చుకుని, తీగ మీటింది. స్వరం నిండుగా లేచింది. వేలు ఎత్తకుండా పైకి జారింది, ఐదు తగిలింది, అక్కడ నిలిపింది. నాలుగు స్వరాలు ముల్లు పెట్టి కొలిచినట్టు పలికాయి. ఐదోది కొంచెం కింద పడింది. చెవికి తెలిసింది. అంతలో వేలు దానంతట అదే రవ్వంత పైకి జరిగింది, స్వరం వంకర తీర్చుకుంటూ వచ్చి నిలబడింది. కమ్మీలుంటే తప్పు ఎక్కడ పడితే అక్కడే ఉండిపోయేది. ఆరు, ఏడు. చివరి స్వరాన్ని అలాగే వదిలేసింది. చీకట్లో అది తీరిగ్గా అరిగిపోయింది.

దీపాలు వెలిగాయి. పైన నటులు ఎవరి చోట వాళ్లు నిలబడి ఉన్నారు. టీచరు రెండు కర్రలూ ఒళ్లో పెట్టుకుంది.

“ముందున్నాయన రిహార్సల్లో ఇక్కడ ప్రతిసారీ తప్పేవాడు,” అంది. “తెల్ల గీతలుండేవి ఆయన బేస్‌కి. దీపం ఆరితే అవి కనబడి చావవు. నీకెలా దొరికాయి?”

కోడలు మెడ వెనక్కి తిప్పి ఆవిడ బొటనవేలు పట్టుకుని ఆ గింజల మీద ఆనించింది. టీచరు కళ్లు పెద్దవయ్యాయి. ఆపైన గిటారు ఒళ్లోకి తీసుకుని మెడ ముందు వైపు తడమడం మొదలుపెట్టింది. తడిమింది, వంచి చూసింది, ఫోనులో టార్చి వేసి చూసింది. మంగళవారం నాలుగింటికి రమ్మని, కుర్చీ తనదేనని చెబుతూ కూడా చూస్తూనే ఉంది.

కోడలు ఇంటికొచ్చేసరికి మామగారు వీధి గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చున్నారు. అదే, ఆ పొట్టి స్టూలు. వార్త ఆయన అడగలేదు, మొహం చూసి తెలుసుకున్నారు. “కుర్చీ ఇచ్చారన్నమాట,” అన్నారు. “మంచిది, మంచిది.” లేవబోయారు.

“ఇంకో సంగతి ఉంది మామయ్యా. ఆవిడ ఫ్రెట్లు ఎక్కడుండేవో చూద్దామని వెతికింది.”

ఆయన లేవబోతూ ఆగిపోయారు.

నలభై ఏళ్లు ఆయన ఎన్ని వేల అతుకులు వేశారో లెక్క లేదు. వాటిలో ఒక్కదాన్ని కూడా ఎవరూ చూడలేదు. చూడకపోవడమే పని బాగుందనడానికి గుర్తు. బాగుందని చెప్పాలంటే అక్కడ ఏదో ఉండేదని ముందు తెలియాలి కదా. వచ్చినవాళ్లు వస్తువు తీసుకుని, బాగానే ఉందని తల ఊపి, వెళ్లిపోయేవారు. నునుపు మేస్త్రి పనిని వెతికినవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరు.

ఆయన మళ్లీ స్టూలు మీద కూర్చున్నారు. “వెతికిందా?”

“వెతికింది. ఐదు నిమిషాలు.”

“దొరికిందా?”

“ఒక్కటి కూడా దొరకలేదు.”

మామగారు రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని వీధిలోకి చూశారు. మసక కన్నూ, కొత్త కన్నూ రెండూ నీళ్లతో నిండాయి. తుడుచుకోలేదు.

“లైటు సరిగ్గా లేదేమోలే.”

“టార్చి వేసింది మామయ్యా.”

“టార్చి వేసి కూడానా?” అన్నారాయన. “మళ్లీ చెప్పు. మొదట్నుంచి చెప్పు.”

ఆమె గిటారు గోడకు ఆనించి, గుమ్మంలో ఆయన పక్కన కూర్చుని, మొదట్నుంచి చెప్పింది.